‘మందు’కు రెండర్థాలు



మన భాషలో ‘మందు’ అనే మాటకు రెండర్థాలున్నాయి. జ్వరం వస్తే వేసుకునేదీ మందే, సాయంత్రం బడ్డీకొట్టు వెనక గ్లాసులో పోసుకునేదీ మందే. ‘మందు వేసుకున్నావా’ అని ఇంట్లో అడిగితే ఒక అర్థం, ‘మందు వేశావా’ అని వీధిలో అడిగితే ఇంకో అర్థం. పల్లెల్లో పంచశీలాల గురించి మాట్లాడుతూ తిరిగిన ఇన్నేళ్లలో ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ ఉందో మాకు బాగా తెలుసుననే అనుకున్నాం. పోయిన వర్షావాసం రోజుల్లో అమెరికా నుంచి వచ్చిన ఒక ఫోను ఆ ధీమాను పోగొట్టింది.

ఫోను చేసింది మాకు చెల్లెలి వరస అయ్యే అమ్మాయి. పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉంటుంది. ఆమె తల్లి నెల్లూరు జిల్లా ఉపాసిక, అరవై దాటిన మనిషి. కూతురు దగ్గరికి వెళ్లి, గ్రీన్ కార్డు వచ్చి, అక్కడే ఉంటున్నది. ఆమెకు క్యాన్సర్. కీమో మొదలయ్యాక వాంతులు ఆగడం లేదు. మామూలుగా ఇచ్చే మందులన్నీ ఇచ్చారు. “జావ కూడా నిలవట్లేదన్నా. గంజాయితో చేసిన నూనెచుక్కలు, బిళ్లలు ఇక్కడ రోగులకు అమ్ముతారు. దానికి కార్డు తీసుకోవాలి. దరఖాస్తు పెడదామంటే అమ్మ వద్దంటోంది. మీరు చెబితే వింటుంది” అన్నది.

తరవాత ఆ తల్లి ఫోను తీసుకుని అన్న మాట ఇది. “అబ్బయ్యా, సారా ప్యాకెట్లు రోడ్డు మీద పోసి తగలబెట్టినదాన్ని నేను. ఇప్పుడు గంజాయి కార్డు మీద నా ఫొటో వేయించుకోమంటారా?”

ఆ మాట వెనక ఉన్న బతుకు తెలియకుండా దీనికి జవాబు చెప్పడం తప్పు. ఆమెది దూబగుంటకు దగ్గరి పల్లె. భర్త కూలి డబ్బులు సారాకే పోసి, చివరికి దానితోనే పోయాడు. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించినప్పుడు, వేలం పాటలు జరగనివ్వనప్పుడు, ఆమె అందులో ఉన్నది. అక్షరాస్యత బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలతో అర్జీ మీద సంతకం పెట్టిన మనిషి. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ప్రభుత్వం మాట మార్చింది కానీ ఆమె మార్చలేదు. తరవాత దీక్ష తీసుకుని, బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలు చెప్పినప్పుడు మత్తు పదార్థాలు ముట్టనన్న ప్రతిజ్ఞ ఆమెకు కొత్తదేమీ కాదు. అంతకుముందే ఆ శీలాన్ని ఆమె వీధిలో నిలబడి పాటించింది. అటువంటి మనిషితో “పర్వాలేదులే అమ్మా, వేసుకో” అని తేలిగ్గా అనడానికి మాకు నోరు రాలేదు. “వద్దు” అనడానికీ రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

కొన్నేళ్ల క్రితం మేము పనిచేసే మండలంలో ఒక దళితవాడలో నోటి క్యాన్సర్ వచ్చిన మనిషి ఉండేవాడు. జిల్లా కేంద్రంలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. నొప్పికి మార్ఫిన్ అడిగితే అది తమ దగ్గర ఉండదన్నారు. ఇంటికి తెచ్చాం. రాత్రిళ్లు అతని మూలుగు వీధి చివరికి వినబడేది. భార్య ఏం చేసేది? బెల్టు షాపులో క్వార్టర్ సీసా తెచ్చి, నీళ్లు కలిపి, చెంచాతో పోసేది. కాస్త నిద్ర పట్టేది. అసలైన మందు దొరకక ఆ మందు పోసింది. ఆ సంగతి తెలిసి మన విహార కమిటీలో ఒక పెద్దాయన, ఆ ఇంట్లో ఐదో శీలం తప్పింది కాబట్టి ఆమె వందనలో ముందు కూర్చోరాదని అన్నాడు. ఆమె లేచి వెళ్లిపోయింది. మేము అక్కడే ఉన్నాం, ఏమీ అనలేదు. చట్టం చదివినవాళ్లం, మార్ఫిన్ ఎందుకు దొరకలేదో తెలిసినవాళ్లం, అయినా మౌనంగా ఉన్నాం. ఆ రోజు శీలం తప్పింది ఎవరని ఇప్పటికీ మమ్మల్ని మేము అడుగుతూనే ఉన్నాం.

అందుకే ఈసారి తొందరపడకుండా, ఆ తల్లి ప్రశ్నను రెండుగా విడదీసి ఆలోచించాం. ఆ మందు వేసుకుంటే శీలం తప్పినట్టా? ఆ కార్డు తీసుకోవడం సరైనదేనా? రెండూ ఒకటే ప్రశ్నలా కనిపిస్తాయి, కానీ కావు.

మొదటిది చూద్దాం. ఐదో శీలంలో సుర, మేరయ, మజ్జ అన్న మాటలతో పాటు ‘పమాదట్ఠానం’ అన్న మాట ఉంది. తెలుగులో ప్రమాదం అంటే బస్సు బోల్తా పడటమే గుర్తొస్తుంది. పాళిలో పమాదం అంటే ఏమరుపాటు. ఏది మనసును ఏమరుపాటుకు గురిచేస్తుందో దానికి దూరంగా ఉంటానని మనం తీసుకునే శిక్షాపదం అది. కల్లు చెట్టు మీదా గంజాయి మొక్క మీదా పగ పెంచుకోమని చెప్పడం లేదు. మనసును కాపాడుకోమని చెబుతున్నది.

వినయపిటకంలో మహావగ్గలో మందుల గురించి ఒక పెద్ద అధ్యాయమే ఉంది. అందులో పిలిందవచ్ఛుడనే భిక్షువుకు వాతరోగం వస్తుంది. కాచిన నూనె కావాలని, అందులో మద్యం కలపాలని వైద్యులంటారు. బుద్ధుడు అనుమతిస్తాడు. అనుమతి దొరికింది కదా అని ఆరుగురు భిక్షువుల గుంపు ఒకటి మద్యం ఎక్కువ పోసి నూనె కాచి తాగి మత్తెక్కుతారు. అప్పుడు బుద్ధుడు అనుమతిని రద్దు చేయలేదు, చూసీ చూడనట్టు వదిలేయనూ లేదు. మద్యం రంగు, వాసన, రుచి తెలియనంత తక్కువగా ఉంటేనే తాగవచ్చునన్నాడు. మరి అప్పటికే ఎక్కువ పోసి కాచిన నూనె? పారబోయమనలేదు, ఒంటికి రాసుకోవడానికి వాడమన్నాడు.

ఈ కథలో మాకు కనిపించిన విషయాలు మూడు. రోగి అవసరం నిజం, దాన్ని వైద్యుడు చెప్పాలి. దొంగ రోగులు పుట్టారని నిజమైన రోగికి మందు ఆపకూడదు. మోతాదుకు హద్దు ఉండాలి. రెండున్నర వేల ఏళ్ల తరవాత ప్రభుత్వాలు కార్డులు, ధ్రువపత్రాలు అంటూ చేస్తున్నది కూడా ఈ మూడింటి మధ్య తూకం కోసమే.

ఇక్కడ ఒక ఆశ కూడా పుడుతుంది, దాని గురించి జాగ్రత్తగా ఉండాలి. అదే అధ్యాయంలో అదే భిక్షువుకు చెమట పట్టించే చికిత్సలు చెబుతూ ‘భంగోదకం’ అన్న మాట వస్తుంది. కొందరు అనువాదకులు దాన్ని గంజాయి నీళ్లన్నారు. అట్ఠకథ మాత్రం రకరకాల ఆకులు వేసి కాచిన నీళ్లని అర్థం చెబుతుంది. పైగా అది తాగడానికి కాదు, ఒంటికి పట్టే వైద్యం. “బుద్ధుడే గంజాయికి అనుమతి ఇచ్చాడు” అని ఈ ఒక్క మాట పట్టుకుని వాదించడం శాస్త్రంలో శ్లోకం వెతికి మనకు కావలసింది చేసుకునే పాత అలవాటే. ఆ అలవాటును వదిలి వచ్చినవాళ్లం మనం. ఆ తల్లికి మేము ఈ మాట సాక్ష్యంగా చెప్పలేదు.

మనకు అంతకంటే గట్టి ఆధారం ఉంది. ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథంలో బాబాసాహెబ్ అహింస గురించి చెబుతూ సూత్రానికీ నియమానికీ తేడా చూపించారు. నియమం మనిషిని కట్టేస్తుంది, సూత్రం అతని వివేకానికి చోటిస్తుంది, బుద్ధుడు అహింసను సూత్రంగానే చెప్పాడని వివరించారు. అదే చూపుతో ఐదో శీలాన్ని చూస్తే, క్యాన్సర్ రోగి వాంతులు ఆపుకుని నాలుగు ముద్దలు తినడానికి, వైద్యుడు చెప్పిన మోతాదులో వేసుకునేది ఏమరుపాటు కోసం కాదు. ఆమె స్పృహలో ఉండటానికి, తన పిల్లల్ని గుర్తుపట్టి మాట్లాడటానికి ఆ ముద్దలే ఆధారం. ఆపకుండా వాంతులు చేసుకునే మనిషి ఏ ధ్యానం చేయగలదు, ఏ ఎరుకను నిలుపుకోగలదు? నొప్పి, ఆకలి కూడా మనసును కమ్మేసేవే.

“అట్లయితే రేపు ప్రతి ఒక్కడూ మోకాళ్ల నొప్పి అంటాడు” అని ఒక మిత్రుడు మాతో అన్నాడు. అనడం నిజమే, అంటారు కూడా. గుజరాత్‌లో మద్య నిషేధం ఉన్నా ఆరోగ్యం పేరు మీద పర్మిట్లు ఇస్తారు, అవి తీసుకునే వారందరూ రోగులని ఎవరూ నమ్మరు. కానీ మన దేశపు న్యాయస్థానం ఈ చిక్కును గణతంత్రం మొదటి రోజుల్లోనే చూసింది. బొంబాయి మద్య నిషేధ చట్టం మీద 1951లో బల్సారా కేసులో సుప్రీంకోర్టు నిషేధాన్ని చాలావరకు నిలబెడుతూనే, ఆల్కహాల్ ఉన్న ఔషధాలను వాడుకోకుండా ఆపే భాగాన్ని కొట్టేసింది. దొంగ రోగుల భయంతో మందును ఆపడం న్యాయం కాదన్న సంగతి వినయంలోనూ ఉంది, తీర్పులోనూ ఉంది.

అయితే ‘నిజంగా మందేనా’ అన్న పరీక్ష తప్పించుకోలేం. గంజాయి సర్వరోగ నివారిణి అని చెప్పేవాళ్ల మాట నమ్మకూడదు. అందులో ఉండే టీహెచ్‌సీ అనే పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసి, డ్రొనాబినాల్ అనే మందుగా అమెరికా ఔషధ సంస్థ 1985లోనే అనుమతించింది, కీమో వాంతులు మిగతా మందులకు లొంగనప్పుడు వాడటానికి. అంటే ఈ ఒక్క బాధకు ఆధారం ఉంది. కానీ ముసలివాళ్లకు తల తిరగడం, మగత, తూలి పడిపోవడం కూడా ఉన్నాయి. కాబట్టి ఐదో శీలం విషయంలో మా జవాబు ఇది: ఈ బాధకు, వైద్యుడి చేతి మీదుగా, మోతాదులో అయితే తప్పు లేదు.

ఇక రెండో ప్రశ్న, కార్డు. పెన్సిల్వేనియాలో 2016 చట్టం ప్రకారం రోగి ముందు ఆరోగ్యశాఖ జాబితాలో పేరు నమోదు చేసుకోవాలి. అనుమతి ఉన్న వైద్యుడు, చట్టం చెప్పిన జబ్బుల్లో ఒకటి రోగికి ఉన్నదని ధ్రువీకరించాలి. క్యాన్సర్ అందులో ఉంది. 50 డాలర్లు కట్టాలి, పేదలకు రాయితీ ఉంది. కార్డు వచ్చాక లైసెన్సు ఉన్న దుకాణంలో కొనుక్కోవచ్చు. భీమా డబ్బివ్వదు. వైద్యుడు దీనికి మందుల చీటీ రాయడు, ధ్రువీకరణ మాత్రమే ఇస్తాడు. కారణం, దేశం మొత్తానికి వర్తించే 1970 నాటి ఫెడరల్ చట్టం గంజాయిని మొదటి జాబితాలో, అంటే వైద్యానికి ఒప్పుకోని పదార్థాల్లో పెట్టింది. 1996లో కాలిఫోర్నియా వైద్య గంజాయిని అనుమతించింది, ఒక్కొక్కటిగా ఎన్నో రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. అయినా రాష్ట్రం ఒప్పుకున్నంత మాత్రాన ఫెడరల్ చట్టం ఆగదని అక్కడి సుప్రీంకోర్టు 2005లో రైచ్ కేసులో చెప్పింది. ఆ కేసు వేసినవాళ్లూ రోగులే.

పౌరులకు ఈ తేడా చాలావరకు కాగితం మీద తేడాగానే ఉండిపోతుంది. వలస వెళ్లినవాళ్లకు అట్లా కాదు. రాష్ట్రంలో చట్టబద్ధమైనా గంజాయి వాడకం పౌరసత్వ దరఖాస్తులో సత్ప్రవర్తన నిరూపణకు అడ్డు కావచ్చని 2019లో అక్కడి పౌరసత్వ, వలసల శాఖ తన మార్గదర్శకంలో రాసింది. వలస అధికారి ముందు వాడానని ఒప్పుకోవడం కూడా చిక్కు తేవచ్చు. ఆ తల్లి గ్రీన్ కార్డు మీద ఉన్నది, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాలని చూస్తున్నది. ఈ సంగతి దుకాణం బోర్డు మీద ఎవరూ రాయరు.

“అధికారి అడిగితే లేదని చెబితే సరి” అని అక్కడి తెలిసినవాళ్లు ఆమెకు సలహా ఇచ్చారట. మాకు అసలు ప్రశ్న అక్కడ కనిపించింది. కార్డు విషయంలో పరీక్షకు నిలబడేది ఐదో శీలం కాదు, నాలుగోది. కార్డు కోసం లేని నొప్పి ఉందని చెప్పినా, కార్డు తీసుకున్నాక వాడలేదని చెప్పినా, తప్పేది ముసావాదం. గంజాయి చుక్క నాలుక మీద పడితే శీలం పోతుందని వణికిపోయే మనం, కాగితం మీద అబద్ధం రాయడానికి అంతగా వణకం. రేషన్ కార్డు, వికలాంగుల సర్టిఫికెట్, ఆదాయ పత్రం... దరఖాస్తుల జీవితం మనది. నిజమైన హక్కు కోసం కూడా ఆఫీసులో అబద్ధం లేకుండా పని జరగదని మనకు నేర్పినవాళ్లున్నారు. ఆ నేర్పుడు మన పేదరికం తెచ్చిపెట్టిన గాయం. దాన్ని తెలివితేటలని అనుకోకూడదు.

కాబట్టి మేము చెప్పింది ఇంతే. “అమ్మా, మేము చదివింది ఈ దేశపు చట్టం. అక్కడి వలసల వకీలును అడగకుండా కార్డుకు పెట్టొద్దు. కానీ కార్డు అక్కరలేని దారి ఒకటి ఉంది. డ్రొనాబినాల్ మామూలు మందుల చీటీ మీద, మామూలు మందుల షాపులో దొరుకుతుంది. ఫెడరల్ చట్టం కూడా దాన్ని ఒప్పుకుంటుంది. ఆ మందు గురించి మీ డాక్టర్నే అడగండి. అయితే ఒక్క మాట. అందులో ఉండేదీ గంజాయిలో ఉండే పదార్థమే. చీటీ చట్టం చిక్కును తీరుస్తుంది కానీ మనసు సంగతిని తీర్చదు. దాన్ని మీరే కాపలా కాయాలి.”

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మూడు షరతులు తానే పెట్టుకున్నది. డబ్బా కూతురి దగ్గర ఉండాలి. ఎన్ని వేసుకున్నదీ నోటు పుస్తకంలో రాయాలి. కీమో అయిపోయిన రోజు ఆపేయాలి. మహావగ్గ ఆమె చదవలేదు. కానీ బుద్ధుడు పెట్టిన హద్దులాంటిదే తన ఇంట్లో పెట్టుకున్నది.

కార్డుకు దరఖాస్తు పెట్టలేదు. డాక్టరు డ్రొనాబినాల్ రాశాడు. రెండు వారాల తరవాత ఫోనులో అన్నది: “మొదటి రోజు తల తిరిగింది అబ్బయ్యా. నాకు నచ్చలేదు. డాక్టరు తగ్గించాడు. ఇప్పుడు జావ నిలుస్తోంది, నిన్న కాస్త పెరుగన్నం తిన్నాను. నచ్చకపోవడమే మంచిదైంది, ఆపేటప్పుడు కష్టం ఉండదు.” ఆ తరవాత ఇంకో మాట అడిగింది. “నాకైతే కూతురుంది, డాక్టరున్నాడు, బిళ్ల దొరికింది. మా ఊళ్లో గర్భసంచి క్యాన్సర్ వచ్చిన ఆడది ఏం మింగుద్ది?”

ఈ ప్రశ్న ఆమె అడిగింది మమ్మల్ని ఒక్కరినే కాదు, మనందరినీ. మన దేశంలో 1985 మాదకద్రవ్యాల చట్టం వైద్య అవసరాలకు మినహాయింపు ఉంచింది. కానీ లైసెన్సుల చిక్కుల్లో, జైలు భయంలో ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు అత్యవసర మాదక ఔషధాలను సులువుగా ఉంచుకునే వీలు కల్పించారు. కేరళలో 1993 నుంచి కోళికోడ్‌లో మొదలైన ఉపశమన వైద్యం ఊళ్లకు చేరింది. హైదరాబాద్ ఎమ్మెన్జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన విభాగం ఉంది, తెలంగాణ జిల్లాల్లోనూ అటువంటి కేంద్రాలు వచ్చాయి. అంటే దారి ఉంది, చాలామందికి తెలియదు. ఆ దళితవాడ మనిషిని తీసుకుపోయిన రోజు ఎక్కడికి పోవాలో మేమే ముందుగా తెలుసుకుని ఉండవలసింది.

ఇంకో సంగతి కూడా మరిచిపోకూడదు. అదే మొక్క పేరు మీద పిట్స్‌బర్గ్‌లో కార్డు ఇస్తారు. మన విశాఖ మన్యంలో రోజు కూలికి మూట మోసిన ఆదివాసీ కుర్రాడు అదే మొక్క పేరు మీద బెయిలు రాక జైల్లో ఉంటాడు. ఉత్తరాదిలో కొన్ని చోట్ల భంగుకు సర్కారు లైసెన్సు దుకాణాలున్నాయి. ఎందుకంటే 1985 చట్టం పూతను గంజాయి అన్నది, ఒట్టి ఆకును వదిలేసింది. గంజాయి వ్యాపారం మన పిల్లల్ని పాడుచేస్తున్నదన్నది నిజం, దాన్ని మేము సమర్థించం. కానీ ఏది మందు, ఏది నేరం అన్నది మొక్కను బట్టి మాత్రమే నిర్ణయం కావడం లేదు. ఎవరి చేతిలో ఏ కాగితం ఉందో దాన్ని బట్టీ అవుతున్నది. పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టే లోకాన్ని వదిలి వచ్చిన మనం ఈ తేడాను చూడకుండా ఉండకూడదు.

జబ్బుపడిన భిక్షువును ఎవరూ పట్టించుకోనప్పుడు బుద్ధుడు తానే నీళ్లు పోసి కడిగాడని, రోగిని చూసుకోవడం తనను చూసుకోవడమేనని చెప్పాడని మనం ప్రతి పౌర్ణమికీ చెప్పుకుంటాం. కాబట్టి ఈ వ్యాసం చదివిన విహార కమిటీలకు మా విన్నపం ఒక్కటే. మీ జిల్లాలో మార్ఫిన్ ఎక్కడ ఇస్తారో, ఉపశమన కేంద్రం ఎక్కడ ఉందో కనుక్కుని, ఆ చిరునామా విహారం గోడ మీద, పంచశీలాల పటం పక్కనే రాయండి. మేము మా మండలంలో ఆ పని మొదలుపెట్టాం. మొదట ఆ నోటి క్యాన్సర్ మనిషి భార్య ఇంటికి వెళ్లి, ఆ రోజు మేము మాట్లాడనందుకు క్షమాపణ అడిగాం. ఆమె ఏమీ అనలేదు, మంచం వాల్చి కూర్చోమన్నది. తరవాతి పౌర్ణమికి వందనకు వచ్చింది, ముందు వరసలోనే కూర్చున్నది.